ఇంటి వైరింగ్ ఎవరికి ఇవ్వాలి: రోజు కూలికా, పాయింటు లెక్కకా, మెటీరియల్‌తో గుత్తకా?

ఇల్లు కట్టేవాళ్లైనా, ఫ్లాటులో లైట్లు మార్పించుకునేవాళ్లైనా ఎలక్ట్రీషియన్‌ను మొదట అడిగే మాట "పాయింటుకు ఎంత?" అని. అది అడగాల్సిందే, కానీ తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది చేయించబోయే పనిలో గోడలోకీ శ్లాబులోకీ పోయేది ఎంత, బయట కనబడేది ఎంత అని. ఫ్యాను బిగించడం, స్విచ్ మార్చడం, ట్యూబులైటు తీసి ఎల్ఈడీ పెట్టడం బయటి పని. తప్పు జరిగితే స్క్రూ విప్పి సరిచేసుకోవచ్చు. శ్లాబులో పైపు నలిగినా, పైపు లోపల టేపు చుట్టిన అతుకు ఉన్నా, అది తెలిసేసరికి ప్లాస్టరింగు, పుట్టీ, పెయింటు అన్నీ అయిపోయి ఉంటాయి. బయటి పనికి మంచి చేయి ఉన్న మనిషి చాలు. లోపలి పనికి చేసింది పరీక్షించి చూపించగలిగే మనిషి కావాలి. రేటు బేరం ఈ తేడా తెలిశాకే.

మనిషిని ఎంచుకునే ముందు

అర్హత మాట ముందు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం వైరింగ్ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలి, అదీ అర్హత పత్రం ఉన్న వ్యక్తి పర్యవేక్షణలో. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ లాంటివి ఉన్నచోటే మార్చడానికి ఈ నియమం వర్తించదు. మన దగ్గర ఐటీఐ సర్టిఫికెట్, వైర్‌మన్ పర్మిట్, కాంట్రాక్టర్ లైసెన్స్ అనే మూడింటినీ ఒకటిగా కలిపేస్తుంటారు. ఐటీఐ అంటే చదువు. పర్మిట్ అంటే పని చేయడానికి అర్హత. లైసెన్స్ అంటే పని ఒప్పుకుని బాధ్యత తీసుకునే హక్కు. కొత్త సర్వీసుకో, లోడు పెంచుకోవడానికో డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) వాళ్లు టెస్ట్ రిపోర్ట్ అడిగితే దాని మీద సంతకం చేయగలిగేది లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే. పాత ఇంట్లో రెండు ప్లగ్గులు వేయించుకునే మనిషి ఇంత పట్టించుకోకపోవడం మామూలే, నియమం మాత్రం దానికీ ఉంది. మూడంతస్తుల ఇల్లు కట్టేవారికి తప్పదు.

రెండోది పరికరాలు. జేబులో ఫేజ్ టెస్టర్ అందరి దగ్గరా ఉంటుంది. దాంతో కరెంటు వస్తోందో లేదో తెలుస్తుంది గానీ, వైరు మీది తొడుగు ఎక్కడైనా గీరుకుపోయిందా అన్నది తెలియదు. దానికి 500 వోల్టుల మెగ్గర్ కావాలి. లోడు కొలవడానికి క్లాంప్ మీటర్ కావాలి. ఇల్లంతా వైరింగ్ ఒప్పుకునే మనిషి దగ్గర ఈ రెండూ లేకపోతే, వాటిని అద్దెకో అరువుకో తెచ్చి పరీక్షిస్తానని ముందే ఒప్పుకోవాలి.

మూడోది సామాను ఎవరు కొంటారన్నది. గొడవల్లో చాలా భాగం ఇక్కడే పుడుతుంది కాబట్టి దీన్ని కింద విడిగా చూద్దాం.

| ఎవరు | దేనికి బాగుంటుంది | డబ్బు లెక్క | ఎక్కడ తేడా వస్తుంది |
|---|---|---|---|
| దగ్గరి ఎలక్ట్రీషియన్, రోజు కూలి | రిపేర్లు, పాత ఇంట్లో లోపం వెతకడం, రెండు మూడు కొత్త పాయింట్లు | మేస్త్రీకి, హెల్పర్‌కి రోజుకు ఇంత | పని సాగుతుంది, పక్కనే ఉండి చూసుకోవాలి |
| పాయింటు లెక్కన లేబర్ కాంట్రాక్ట్ | కొత్త ఇల్లు, మొత్తం రీవైరింగ్ | పాయింటుకు ఇంత, సామాను మీది | పాయింటు అంటే ఏంటో రాసుకోకపోతే చివర్లో గొడవ |
| మెటీరియల్‌తో కలిపి గుత్త | దగ్గరుండి చూసుకునే వీలు లేనివాళ్లు | చదరపు అడుగుకు, లేదా మొత్తానికి ఇంత | వైరు సైజు, బ్రాండు తగ్గిపోవడం |
| లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ సంస్థ | త్రీ ఫేజ్, లిఫ్టు, ఎక్కువ లోడు, కొత్త సర్వీసు | కొటేషన్, జీఎస్టీ బిల్లు | సంతకం ఒకరిది, పని ఇంకొకరిది కావడం |
| యాప్‌లో బుక్ చేసే సర్వీస్ | ఫ్యాను, లైటు, స్విచ్, ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే ఆగిపోయే స్విచ్) మార్పు | పనికి ఇంత అని ముందే కనిపిస్తుంది | కన్సీల్డ్ (గోడలోకి పోయే) పనికి సరిపోదు, మనిషి ప్రతిసారీ మారతాడు |
| ఇంటీరియర్ వాళ్ల ఎలక్ట్రీషియన్ | ఫాల్స్ సీలింగ్ లైట్లు, కిచెన్ పాయింట్లు | ప్యాకేజీలో కలిసిపోతుంది | ఉన్న వైరు మీదే అదనపు లోడు వేయడం |

రోజు కూలి

ఎంసీబీ ఊరికే పడిపోతోంది, ఒక గదిలో ఎర్త్ కొడుతోంది, వాన పడితే బోర్డు జిల్లుమంటోంది అంటే ఎంత పనో ముందే చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. చెప్పినవాడు ఎక్కువే చెబుతాడు. ఇలాంటి చోట రోజు కూలే న్యాయం. పిలిచే ముందు చేయించాల్సినవన్నీ కాగితం మీద రాసి, సామాను తెప్పించి ఉంచితే, షాపుకి వెళ్లి రావడంలో సగం రోజు పోదు. వచ్చేది మేస్త్రీ ఒక్కడేనా, హెల్పర్ కూడానా, ఎవరి కూలి ఎంత అన్నది ఫోనులోనే తేల్చుకోండి.

కొత్త ఇంటికి మాత్రం ఈ పద్ధతి నప్పదు. శ్లాబుకి ముందు పైపులు, గోడలు లేచాక గాడులు, ప్లాస్టరింగ్ అయ్యాక వైరు లాగడం, పెయింట్ తర్వాత ఫిట్టింగు, ఇలా పని నెలల తరబడి ముక్కలుగా సాగుతుంది. రోజు కూలి మనిషి ఈ మధ్యలో వేరే పనిలోకి వెళ్లిపోతాడు. ఇంకొకరొస్తే ఏ పైపు ఎటు పోయిందో వెతుక్కోవడంతోనే కూలి అయిపోతుంది.

పాయింటు లెక్క: కాగితం మీద రాయాల్సినవి

కొత్త ఇళ్లకు మన ఊళ్లలో ఎక్కువగా నడిచేది ఇదే, సరిగ్గా రాసుకుంటే అందరికీ మేలైనదీ ఇదే. రాసుకోకపోతే ఏమవుతుందో ఒక బెడ్‌రూమ్ లెక్క చూడండి. లైటు, ఫ్యాను, బెడ్‌ల్యాంప్, ఏసీ, మంచం పక్కన ప్లగ్గు, టీవీ అని ఒకరు ఆరు పాయింట్లు లెక్కేస్తారు. ఇంకొకరు స్విచ్ బోర్డులోని రెండు ప్లగ్గులూ రెండు పాయింట్లు, మంచం దగ్గరి టూ-వే స్విచ్ (ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసేది) ఒకటి, టీవీ వెనక మూడు ప్లగ్గులు మూడు, టీవీ కేబుల్ ఒకటి, ఇంటర్నెట్ వైరు ఒకటి అని మొత్తం పదమూడు చేస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, లెక్క వేరు, అంతే. రెండో మనిషి రేటు మొదటివాడి దాంట్లో సగమే ఉన్నా బిల్లు మాత్రం ఎక్కువే అవుతుంది.

అందుకని రేటు అడిగే ముందు గది గదికీ పాయింట్ల పట్టీ రాసి, అదే పట్టీని ఇద్దరు ముగ్గురికి ఇచ్చి మొత్తానికి ఎంతో అడగండి. ఈ కింది మాటలు తేల్చుకోండి:

- బోర్డులోనే ఉన్న 6 ఆంపియర్ల ప్లగ్గు విడి పాయింటా, బోర్డులో కలిసినట్టేనా
- టూ-వే స్విచ్‌కి ఒకటా, రెండా
- ఏసీ, గీజర్, మోటార్ లాంటి పవర్ పాయింట్ల రేటు వేరా
- మీటరు నుంచి డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) దాకా మెయిన్ వైరు, డీబీ బిగింపు, ఎర్త్ గుంత రేటులో కలిసే ఉన్నాయా
- గాడి కొట్టడం ఎవరి పని, దాన్ని సిమెంటుతో పూడ్చడం ఎవరి పని
- లైట్లు, ఫ్యాన్లు బిగించడం పాయింటు రేటులోనా, విడిగానా

గాడి పూడ్చే పని ఎవరిదన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది. తాపీ మేస్త్రీ తనది కాదంటాడు, ఎలక్ట్రీషియన్ తనది కాదంటాడు, ఆ గాడి ప్లాస్టర్‌తో పైపైన మూసేస్తారు. ఏడాదిలో పైపు వెంబడే గోడ మీద సన్నటి పగులు వస్తుంది. నాలుగంగుళాల గోడలో అడ్డంగా పొడవు గాడి కొట్టనివ్వకండి. నిలువుగా దించితే గోడ బలం అంతగా తగ్గదు.

"లేబర్ మీది, సామాను మాది" అని ఎలక్ట్రీషియన్‌తో అన్నాక సామాను సంగతి. ఎలక్ట్రీషియన్ చెప్పిన షాపులో కొంటే అతనికి షాపువాళ్లు కమిషన్ ఇవ్వడం మామూలే. అది తప్పేమీ కాదు గానీ ఆ డబ్బు మీ బిల్లులోంచే వెళ్తుంది. పట్టీ తీసుకుని రెండు షాపుల్లో ధర అడిగితే అసలు రేటు తెలుస్తుంది. వైరు కాయిల్ 90 మీటర్లు ఉంటుంది. సీలు విప్పని కాయిళ్లు వెనక్కి తీసుకుంటారా అని కొనేటప్పుడే అడిగి బిల్లు మీద రాయించుకోండి, ఎందుకంటే ప్రతి ఎలక్ట్రీషియనూ ఒకటి రెండు కాయిళ్లు ఎక్కువే రాస్తాడు.

మెటీరియల్‌తో గుత్త

ఊళ్లో లేనివాళ్లకు ఇది సులువు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తున్నవాళ్లు సాధారణంగా దీనికే మొగ్గుతారు. కానీ చదరపు అడుగుకు ఇంత అని ఒప్పుకున్నాక కాంట్రాక్టర్‌కి లాభం మిగిలేది సామానులోనే. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు బదులు 1.0 వేస్తే పైపులోకి పోయాక ఎవరికీ కనబడదు. ఎర్త్ వైరు కొన్ని బోర్డులకు రాదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్) స్థానంలో మామూలు ఐసోలేటర్ (చేత్తో ఆన్-ఆఫ్ చేసేది) వచ్చి కూర్చుంటుంది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి గానీ ఆర్‌సీసీబీ మీద "టి" అక్షరం ఉన్న చిన్న బటన్ ఉంటుంది.

"కంపెనీ వైరు వేస్తాం" అన్న మాట మీద ఒప్పుకోవద్దు. ఫినోలెక్స్, పాలీక్యాబ్, హావెల్స్ లాంటి వాటిలో ఏది, ఆ కంపెనీలోనే ఏ రకం, ఏ సైజు ఎక్కడ అని రాయించుకోవాలి. ఇళ్లకు మామూలుగా సరిపోయేది ఇలా ఉంటుంది: లైట్లు, ఫ్యాన్లు, 6 ఆంపియర్ల ప్లగ్గులకు 1.5, గీజర్‌కి, వంటింటి 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5, ఏసీకి 4. మెయిన్ వైరు సైజు మొత్తం లోడును బట్టి. వైరు మీద ఐఎస్ 694, ఐఎస్ఐ గుర్తు, సీఎం/ఎల్ నంబరు (ఆ గుర్తు వాడే లైసెన్స్ నంబరు) ఉంటాయి. ఆ నంబరు నిజమో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. కాయిళ్లు సీలుతో ఇంటికి రావాలి, విప్పే ముందు ఎవరో ఒకరు ఫోటో తీసి పంపాలి. ఆ ఒక్క షరతుతో సైజు మార్చే ఆశ చాలావరకు పోతుంది.

లైసెన్స్ ఉన్న సంస్థ

ఖర్చు ఎక్కువ. ఆ ఎక్కువకి డ్రాయింగు, బిల్లు, టెస్ట్ రిపోర్టు, అడిగితే జవాబు చెప్పే మనిషి వస్తారు. మూడు నాలుగు ఏసీలు, లిఫ్టు, కారు చార్జర్ పెట్టుకునే ఇంటికి త్రీ ఫేజ్ ఎలాగూ కావాలి. మూడు ఫేజుల మీదా లోడు సమానంగా పంచడం, న్యూట్రల్ గట్టిగా బిగించడం తెలిసిన మనిషే దాన్ని చేయాలి. త్రీ ఫేజ్‌లో మెయిన్ న్యూట్రల్ వదులైతే లోడు తక్కువున్న ఫేజ్‌లో వోల్టేజి 230 దాటి చాలా పైకి ఎగబాకుతుంది. టీవీలూ ఫ్రిజ్ బోర్డులూ ఒక్కసారే కాలిపోయేది ఇలాగే.

ఇక్కడ జాగ్రత్త ఒకటే. లైసెన్స్ కాగితం ఒకరిది, పనికొచ్చే కుర్రాళ్లు వేరొకరి మనుషులు కావడం జరుగుతుంటుంది. సూపర్‌వైజర్ శ్లాబుకి ముందు ఒకసారి, వైరు లాగాక ఒకసారి, చివరి పరీక్షకి ఒకసారి స్వయంగా వస్తాడా అని అడిగి, కొటేషన్‌లోనే రాయించండి.

యాప్ సర్వీసులు, ఇంటీరియర్ వాళ్లు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల అర్బన్ కంపెనీ తరహా యాప్‌ల్లో బయటి పనులకు పిలవడం హాయి. రేటు ముందే కనిపిస్తుంది. వచ్చిన మనిషి జాబితాలో లేని పనికి విడిగా డబ్బడిగితే ఒప్పుకోవద్దు, అది యాప్‌లోనే చేర్పించండి. లేకపోతే వారంటీ ఆ పనికి వర్తించదు.

ఇంటీరియర్ వాళ్ల మనుషులు లైటింగ్‌లో చేయి తిరిగినవాళ్లే. సమస్య లైట్లతో కాదు, వాటికి కరెంటు ఎక్కడి నుంచి తీస్తారన్న దానితో. సీలింగ్ పైన కనబడదు కాబట్టి వైర్ల అతుకులు జంక్షన్ బాక్సు లేకుండా టేపు చుట్టి అలాగే వదిలేస్తారు. ప్రతి అతుకూ బాక్సులో, కనెక్టర్‌తో ఉండాలి. ప్లైవుడ్, జిప్సం బోర్డు మూసే ముందు ఫోటోలు తీసుకోండి. డౌన్‌లైట్ డ్రైవరు (లైటుకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే చిన్న డబ్బా) ఆ లైటు రంధ్రంలోంచే బయటికి లాగేలా ఉండాలి, ఎందుకంటే ఎల్ఈడీలో ముందు పాడయ్యేది సాధారణంగా డ్రైవరే. 12 వోల్టుల స్ట్రిప్ లైటుకి ఒక చివర నుంచే కరెంటు ఇచ్చి 5 మీటర్లు దాటిస్తే చివర మసకబారుతుంది. రెండు వైపుల నుంచీ ఇవ్వాలి, లేదా 24 వోల్టులది తీసుకోవాలి. ఒకే గదిలో 3000 కెల్విన్ పసుపు, 6500 కెల్విన్ తెలుపు కలిపి పెడితే ఎంత ఖరీదైన లైట్లైనా గది అందం పోతుంది. హాలుకి, బెడ్‌రూమ్‌కి 3000, వంటింటికి 4000 తీసుకుంటే కంటికి బాగుంటుంది.

వంటింటి డ్రాయింగు వైరింగ్ కంటే ముందు రావాలి. ఓవెన్, డిష్‌వాషర్, వాటర్ ప్యూరిఫయర్, చిమ్నీ ఎక్కడెక్కడో తెలియకుండా పాయింట్లు పెట్టేస్తే, తర్వాత క్యాబినెట్ వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సులు వేలాడతాయి. స్మార్ట్ స్విచ్‌లు ఎప్పటికైనా పెట్టుకునే ఆలోచన ఉంటే ప్రతి బోర్డుకీ న్యూట్రల్ రావాలని ఇప్పుడే చెప్పండి.

పని ఇచ్చే ముందు అడగాల్సినవి

ఎన్నేళ్ల అనుభవం అని అడిగితే అందరూ పదేళ్లంటారు. ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో మనిషి తెలుస్తాడు.

ఒక లైటు సర్క్యూట్‌కి ఎన్ని పాయింట్లు కలుపుతారు? పది దాటకూడదు, మొత్తం 800 వాట్లకు మించకూడదు అన్నది పాటించే కొలత. పవర్ సర్క్యూట్ ఒక్కోదానికి రెండు 16 ఆంపియర్ల ప్లగ్గులు చాలు. "ఎన్నైనా ఎంసీబీ ఆపుతుందిలెండి" అంటే అక్కడే ఆగిపోండి.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతే ఏం చేస్తారు? పెద్దది వేస్తానంటే ఆ మనిషి వద్దు. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. 2.5 వైరు మీద 32 ఆంపియర్లది పెడితే వైరు వేడెక్కి గోడలో కాలుతున్నా అది పడిపోదు.

ఆర్‌సీసీబీ పడిపోతే? ఇది అసలైన పరీక్ష. ఆర్‌సీసీబీ ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి వస్తోందా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కట్ చేస్తుంది. ఒక సర్క్యూట్ న్యూట్రల్‌ను పక్క సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపేసినా, ఇన్వర్టర్ న్యూట్రల్ వేరే దారిలో తిరిగి వచ్చినా, కరెంటు లీకు లేకుండానే పడిపోతుంది. సరైన మనిషి న్యూట్రళ్లు విడదీసి వెతుకుతాడు. తొందరపడే మనిషి ఆర్‌సీసీబీ తీసి డైరెక్ట్ చేసి "ఇక పడదు" అంటాడు. నిజమే, పడదు, గీజర్‌లో షాకు కొట్టినప్పుడు కూడా. ఇన్వర్టర్‌కి ఏ గదిలో ఏ పాయింట్లు కలపాలో పైపులేసే రోజే చెబితే ఈ చిక్కు రాదు.

ఎవరు ఏది

సొంత స్థలంలో కొత్త ఇల్లు కడుతూ రోజూ సైటుకి వెళ్లగలిగితే పాయింటు లెక్క, సామాను మీది. వెళ్లలేకపోతే మెటీరియల్‌తో గుత్త, కానీ ఆ కాంట్రాక్టర్‌తో సంబంధం లేని ఎలక్ట్రీషియన్ ఒకరిని పరీక్షల రోజుకి మాత్రం విడిగా పిలిపించండి. ఆ రోజు కూలి మొత్తం ఖర్చులో చాలా చిన్నది.

1980లు, 90ల నాటి ఇల్లైతే ముందు రోజు కూలికి ఒకరిని పిలిచి పరిస్థితి చూడండి. అల్యూమినియం వైరు, ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గులు, న్యూట్రల్‌లో కూడా ఫ్యూజు కనిపిస్తే ముక్కలు ముక్కలుగా మరమ్మత్తు చేయడం దండగ. పాత పైపుల్లోంచి వైరు లాగితే కదులుతుందో లేదో చూశాకే రీవైరింగ్ రేటు మాట్లాడాలి. కదలకపోతే మళ్లీ గాడి కొట్టాల్సిందే, లెక్క రెట్టింపవుతుంది.

అద్దె ఇంట్లో ఉంటే యాప్ చాలు. గోడలో ఏదైనా చేయించాలంటే అది ఓనరు చేయించాల్సిన పని. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్నదేదైనా డిస్కం వాళ్లదే, దాన్ని ముట్టుకుంటానన్న ప్రైవేటు ఎలక్ట్రీషియన్‌కి ఒప్పుకోవద్దు.

డబ్బు ఎప్పుడెంత

శ్లాబు పైపులయ్యాక 20 శాతం, గోడ పైపులు, బాక్సులయ్యాక 25, వైరు లాగాక 25, ఫిట్టింగు అయ్యాక 20. చివరి 10 శాతం పరీక్షలయ్యాకే. శ్లాబు పోసే ముందు పైపుల్లో స్ప్రింగో జీఐ తీగో పంపి చూపించమనండి. కాంక్రీటు పోసేటప్పుడు ఫ్యాన్ బాక్సులు, జంక్షన్ బాక్సుల నోళ్లు మూసి ఉండాలి, లేకపోతే సిమెంటు పాలు దిగి పైపు పూడుకుపోతుంది. ప్లాస్టరింగ్‌కి ముందు కొలత టేపు ఆనించి ప్రతి గోడ ఫోటో తీసి ఉంచుకోండి. తర్వాత ఏ మేకు కొట్టాలన్నా అవే దిక్కు.

ఆఖరి రోజు ఇవి జరగాలి. మెయిన్ ఆపి, అన్ని లోడ్లూ తీసేసి ఫేజ్-న్యూట్రల్ కలిపి ఎర్త్‌కి మెగ్గర్ పెడితే 1 మెగాఓమ్‌కి తగ్గకూడదు. కొత్త వైరింగ్ అంతకు ఎన్నో రెట్లు చూపించాలి. 1, 2 దగ్గర ఆగిందంటే ఎక్కడో తడో గీరుకుపోయిన చోటో ఉన్నట్టే. ప్రతి ప్లగ్గులో కుడి రంధ్రంలో ఫేజ్, ఎడమ న్యూట్రల్, పైన ఎర్త్. స్విచ్ ఆపాక హోల్డర్‌లో టెస్టర్ వెలగకూడదు. వెలిగితే సాధారణంగా స్విచ్ న్యూట్రల్ మీద పడినట్టే, ఆపిన ఎల్ఈడీ రాత్రిపూట మిణుకుమిణుకుమనడానికి కూడా తరచుగా ఇదే కారణం. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కగానే పడాలి. తర్వాత ఏసీలు, గీజర్ అన్నీ కలిపి అరగంట నడిపి, మెయిన్ ఆపి, డీబీ కవర్ తీయించి ప్రతి స్క్రూ ఇంకోసారి బిగించమనండి. డీబీ తలుపు లోపల ఏ ఎంసీబీ ఏ గదిదో రాసిన కాగితం అంటించాక ఆ పది శాతం చేతిలో పెట్టండి.